పైడితల్లి చేతి పోగులు

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు కాలేజీలో చాలా సంగతులు చెబుతారు. ప్రొటీన్‌ను ఎలా శుద్ధి చేయాలో, యంత్రం ఎలా నడపాలో, రిపోర్టు ఎలా రాయాలో చెబుతారు. పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషి మీద అసూయ పుడితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకది పుట్టింది. రిటైరయ్యే దాకా నాతోనే ఉంది. ఇప్పుడూ ఉంది. కాకపోతే పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని కంపెనీ బస్సు ఎక్కాల్సిన అవసరం తప్పింది.

నా పేరు సలోమి. మాది సీతమ్మధార. మా ఆయన పోర్టులో పనిచేసి నాకంటే ముందే రిటైరయ్యారు. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, మొదట ఎంజైములు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో, తర్వాత పరవాడలో పరిశోధనశాలలకు ప్రొటీన్లు చేసిచ్చే ఒక కంపెనీలో పనిచేశాను. ప్రమోషన్ల గురించి రాయను. ఎవరికి ఎప్పుడు ఏ కుర్చీ వచ్చిందో మీకెందుకు? మీకు పనికొచ్చేవి నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. వాటిలో చాలావరకు పైడితల్లి అనే మనిషి వల్ల తెలిసినవే. ఈ మాట రాయడం కూడా నాకు అంత ఇష్టంగా లేదు.

మా పని ఏమిటంటే

మన మెదడు కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలుగా నీళ్ళలో పంచదార కలిసిపోయినట్టు కలిసిపోయి తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బులో, అదే మనవాళ్ళు వణుకు జబ్బు అనేదాంట్లో, ఈ ప్రొటీన్ మడత మారిపోయి, ఒకదానికొకటి అతుక్కుని సన్నటి పోగులవుతుంది. వాటిని ఫైబ్రిల్స్ అంటారు. ఒక పోగు తయారైందంటే చుట్టుపక్కల బాగా ఉన్న ప్రొటీన్‌ను కూడా తన మడతలోకి లాక్కుంటుంది. అలా పొడుగవుతుంది, తెగుతుంది, తెగిన ముక్క మళ్ళీ పొడుగవుతుంది.

ఈ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు ఆ పోగులు కావాలి. ఎవరి మెదడులోంచో కావలసినన్ని తీసుకోలేరు కదా. అందుకని మాలాంటివాళ్ళం మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దానిచేత ఆ ప్రొటీన్ చేయించి, వేరుచేసి, శుభ్రం చేసి, చిన్న గాజు సీసాలో పోసి, ఒంటి వేడి దగ్గర రోజుల తరబడి తిప్పుతాం. మంచినీళ్ళలా ఉన్నది కొన్నాళ్ళకు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడుతుంది. అవే పోగులు. వాటిని ధ్వని తరంగాలతో పొట్టి ముక్కలు చేసిస్తే, పరిశోధకులు గాజు గిన్నెల్లో పెంచుకున్న ఎలుక మెదడు కణాల మీద వేస్తారు. పోగులు మంచివైతే కొన్ని వారాల్లో ఆ కణాల్లో జబ్బు ముద్దలు కనబడతాయి. కాకపోతే కణాలు నిక్షేపంలా ఉంటాయి. కణాలు నిక్షేపంలా ఉన్నాయని ఫోన్ వస్తే మాకు ఆ రోజంతా పాడైపోయేది.

మా అత్తగారికి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మింగుడు పడలేదు. "రోగం తగ్గించడానికి సదువుకున్నావా, తెప్పించడానికి సదువుకున్నావేటమ్మా?" అని అడిగేది. ముందు గిన్నెలో జబ్బు తెప్పించగలిగితేనే కదా అత్తయ్యా, దాన్ని ఆపే మందేదో వెతకగలిగేది అనేదాన్ని. ఆవిడ తల ఊపి, పక్కింటావిడతో నేను మందుల షాపులో పనిచేస్తున్నానని చెప్పేది.

కడగడం నేర్పిన సైమన్ గారు

నా మొదటి బాసు సైమన్ గారు. చేరిన కొత్తలో కొన్ని నెలలపాటు నాచేత గాజుసామాను కడిగించడం తప్ప వేరే పని చేయించలేదు. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు వచ్చిన పిల్లను, చచ్చేంత అవమానంగా ఉండేది. కడిగిన ప్రతి ఫ్లాస్కునూ కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూసేవారు. ఏమీ కనబడకపోయినా మళ్ళీ కడగమనేవారు.

"ఇందులో ఏమీ లేదు కద సార్" అన్నానొకసారి.

"కనబడే మురికిని ఎవరైనా కడుగుతారమ్మా. దానికి నిన్నెందుకు పెట్టుకుంటాను?" అన్నారు.

ఆయన ఎవర్నీ ఎప్పుడూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఆయన సొమ్మేమీ పోయేది కాదు, నాలాంటివాళ్ళం ఇంకాస్త హాయిగా బతికేవాళ్ళం. అయినా నేను చూసిన బాసుల్లో ఆయనే మంచివాడు. నాకు చేతనైన ఒకే ఒక్క గొప్ప పని ఆయన పెట్టిన భిక్ష. నేను కడిగిన పాత్ర నిజంగా కడిగినట్టే.

ఆ విద్య పోగుల పనిలో చాలా అవసరం. అవి మొండివి. స్పిరిట్ పోసి తుడిస్తే చావవు. పోగు తగిలిన ప్రతి వస్తువునూ డిటర్జెంట్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి, ఆ తర్వాత డిటర్జెంట్ వాసన కూడా మిగలకుండా మంచినీళ్ళతో కడుక్కుంటూ పోవాలి. ముక్కలు చేసేటప్పుడు గాల్లోకి లేస్తాయి కాబట్టి మాస్కు తీయకూడదు. కొత్తగా చేరేవాళ్ళు ఈ రెండూ చాదస్తం అనుకుంటారు. అనుకోకండి.

పక్క బల్ల

పైడితల్లీ నేనూ పరవాడ కంపెనీలో ఒకే వారంలో చేరాం. భీమిలి దగ్గర పల్లెటూరు వాళ్ళది, వ్యవసాయం. తనూ నాలాగే ఎమ్మెస్సీ. నాకంటే కొన్నేళ్ళు చిన్నది. గట్టిగా మాట్లాడుతుంది, అంతకంటే గట్టిగా నవ్వుతుంది, పనిచేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తుంది. బల్ల మీద పెన్నులు, వాడిన టిష్యూ కాగితాలు, మూతలేని మార్కర్లు చిందరవందరగా పడి ఉండేవి. పరిచయమైన రెండో రోజే నన్ను వొదినా అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను అడగలేదు.

ప్రొటీన్ శుద్ధి చేయడం నా పని. పోగులు చేయడం మా ఇద్దరి పని. ఒకే సీసాలోంచి సగం ఆమెకిచ్చి సగం నేను ఉంచుకునేదాన్ని. ఒకే వేడి, ఒకే వేగం. ఆమె సీసా రెండో రోజో మూడో రోజో తెల్లబడేది. నాది వారం పట్టేది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. సరే, ఆలస్యమైతే అయింది అనుకుందామంటే, ఆమె పోగులు వేసిన చోటల్లా జబ్బు ముద్దలు వచ్చేవి. నావి వేస్తే ఒకసారి వచ్చి రెండుసార్లు వచ్చేవి కావు.

మా డైరెక్టరు చక్రధర్ గారు ఆమె పోగుల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి, లోపలికి వచ్చేవాళ్ళకు మొదట కనబడే గోడ మీద పెట్టించారు. "మా పైడితల్లి గారి చేతిలో ఏదో ఉందండీ" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. రోజూ పొద్దున ఆ ఫొటో ముందు నుంచే నేను లోపలికి వెళ్ళాలి. ఆ పోగుల్లో ప్రతి రవ్వా నేను శుద్ధి చేసిన ప్రొటీనే. వంకాయలు నావి, కూర ఆవిడది అన్నట్టు ఉండేది నా బతుకు.

ఆమె చేతుల్ని నేను ఎంతగా చూశానంటే, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వేళ్ళు కనబడతాయి. ఆమె సీసా ఎలా పట్టుకుంటే అలా పట్టుకున్నాను. ఆమె ఏ వైపు నుంచి పోస్తే ఆ వైపు నుంచే పోశాను. ఒక రోజు ఎవరూ లేకుండా చూసి కూనిరాగం కూడా తీశాను. నా ప్రొటీన్ తెల్లబడలేదు.

"నా బల్లకేసి అలగ సూత్తన్నావేటి వొదినా?" అని అడిగిందొకసారి.

"ఏం లేదు. స్పీడెంత పెట్టావో చూస్తున్నాను."

"నీకెంత సెప్పినానో అంతే. నీ దగ్గర దాస్తానేటి నాను?"

దాచదు. నా బాధంతా అదే. దాచి ఉంటే కడుపునిండా తిట్టుకునే వీలుండేది.

ఫ్రిజ్‌లో పెట్టిన సీసా

మా దగ్గర ఎక్కువగా పోగులు తీసుకునేది డాక్టర్ వసుధ గారని, వేరే ఊళ్ళో పెద్ద పరిశోధనశాల నడిపే ఆవిడ. ఒకసారి ఆవిడ నుంచి చక్రధర్ గారికి ఫోన్ వచ్చింది. మేం పంపిన బ్యాచ్ పనిచేయలేదని, నెలల పని పాడైందని. ఆ బ్యాచ్ నాది. చాలాకాలానికి బాగా కుదిరిందని నేను మురిసిపోయిన బ్యాచ్.

డైరెక్టరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచి ఫోన్ స్పీకర్లో పెట్టారు. నేను పరీక్షల ఫలితాలన్నీ పట్టుకుని వెళ్ళాను. ప్రొటీన్ ఎంత శుద్ధంగా ఉందో, పోగులు ఎంత శాతం కట్టాయో వరసపెట్టి చదవడం మొదలుపెట్టాను. అవతల వసుధ గారు విసుక్కుంటున్నారని గొంతులోనే తెలుస్తోంది. నేను ఇంకా గట్టిగా చదువుతున్నాను.

మధ్యలో పైడితల్లి అందుకుంది. "మేడమ్, ఒక్క మాట. సీసా వచ్చేక ఎక్కడ పెట్టేరు మేడమ్?"

"ఈసారి కొత్త స్టూడెంటు ఐస్ మీద కరిగించి, ఫ్రిజ్‌లో పెట్టాడు. ప్రొటీన్ కదా!"

"అయ్యో మేడమ్. ఇవి మిగతా ప్రొటీన్లలాగ కాదు. గడ్డ కట్టించి ఉంచితే పరవాలేదు. కరిగినాక ఫ్రిజ్ సల్లదనానికి పోగులు విడిపోతాయి. బయట, గది వేడిలోనే ఉంచాలి మేడమ్."

అవతల వసుధ గారు నవ్వారు. ఆ తర్వాత క్షమించమన్నారు. ఆ తర్వాత, ఇకనుంచి ఏ సందేహం వచ్చినా పైడితల్లి గారితోనే మాట్లాడతానన్నారు.

ఫ్రిజ్ సంగతి నాకు తెలియదా? ప్రతి సీసాతో వెళ్ళే సూచనల్లో ఆ వాక్యం రాసిందే నేను. కానీ ఆ గదిలో నేను నన్ను కాపాడుకునే పనిలో ఉన్నాను. ఆమె అవతలి మనిషికి ఏం జరిగిందో తెలుసుకునే పనిలో ఉంది. మీ పని బాగాలేదని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు అడగండి, తర్వాత చెప్పుకోండి. ఈ పాఠం నాకు ఆ రోజే తెలిసింది. నా బ్యాచ్‌కి పట్టిన మచ్చ కూడా ఆ రోజే పోయింది. బయటికి వచ్చాక పైడితల్లికి థాంక్స్ చెప్పాను. చెబుతుంటే పళ్ళు నొప్పి పుట్టాయి.

అరువు బల్ల

తర్వాత కొన్నాళ్ళకు పైడితల్లి తమ్ముడి పెళ్ళి పనులకని, కూడబెట్టుకున్న సెలవులన్నీ కలిపి రెండు నెలలు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే నా సీసాలను తిప్పే యంత్రం చెడిపోయింది. "నా బల్ల మీద సేసీసుకో వొదినా, అన్నీ అక్కడే ఉన్నాయి" అని చెప్పి వెళ్ళింది.

సీసాలో ద్రవం తిరగడానికి లోపల చిన్న మాగ్నెట్ ఒకటి వేస్తాం. చింతగింజంత ఉంటుంది, పైన తెల్లటి పూత. నా మాగ్నెట్లు నానబెట్టి ఉన్నాయి కాబట్టి ఆమె ట్రేలో ఉన్నదే తీసుకున్నాను. ఒక చివర పూత కాస్త పెచ్చు లేచి ఉంది. కొత్తది తెచ్చుకోకూడదూ అని ఆమెను మనసులో ఒక మాట అనుకుని సీసాలో వేశాను.

రెండో రోజు పొద్దున వచ్చి చూస్తే సీసా తెల్లగా ఉంది.

ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. ఆ బ్యాచ్ వసుధ గారికి వెళ్ళింది, అద్భుతంగా పనిచేసిందని కబురొచ్చింది. "పైడితల్లి గారి బ్యాచే కదండీ?" అని ఆవిడ అడిగితే, "కాదండీ, ఇది సలోమి గారిది" అని డైరెక్టరు చెప్పడం నా చెవులారా విన్నాను. ఆ సాయంత్రం మా ఇంట్లో వంజరం చేప వేపుడు. ఏమిటి విశేషం అని మా ఆయన అడిగితే, ఏం, వంజరం తినడానికి విశేషం కావాలా అన్నాను.

నా యంత్రం బాగై వచ్చింది. తర్వాతి బ్యాచ్ నా బల్ల మీద, నా మాగ్నెట్‌తో పెట్టాను. వారమైనా తెల్లబడలేదు. తెల్లబడ్డాక కూడా దేనికీ పనికిరాలేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. ప్రొటీన్ ఒకటే. మనిషిని నేనే. మారిందేమిటి? ఆమె యంత్రం మీద నా మాగ్నెట్ వేసి చూశాను, ఆలస్యమే. ఆమె బాటిల్లో ద్రావణం వాడి చూశాను, ఆలస్యమే. మిగిలింది ఆ పెచ్చు లేచిన మాగ్నెట్ ఒక్కటే. దాన్ని ఆమె ఎలా కడుగుతుందో చాలాసార్లు చూశాను కాబట్టి అలాగే స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను. తర్వాత కాసిని నీళ్ళలో ఆడించి, ఆ నీళ్ళలోంచి ఒక చుక్క శుద్ధమైన ప్రొటీన్‌లో వేశాను. నేను కడిగిన మాగ్నెట్ నీళ్ళ చుక్క ఇంకో సీసాలో వేశాను. పోగులు కడితే మెరిసే రంగు ఒకటి ఉంటుంది, అది రెండింటిలోనూ కలిపాను. ఆమె మాగ్నెట్ నీళ్ళు పడిన సీసా చూస్తూండగానే మెరవడం మొదలుపెట్టింది. నాది చీకటిగా ఉంది.

సంగతి తేలిపోయింది. ఎప్పుడో మొదట్లో ఆమె సీసాలో అదృష్టవశాత్తూ మంచి మడతతో పోగులు కట్టాయి. వాటి తునకలు ఆ పెచ్చులో ఇరుక్కుపోయాయి. స్పిరిట్‌కి అవి చావవు. తర్వాత పెట్టిన ప్రతి బ్యాచ్‌లోనూ ఆ తునకలే విత్తనాలై, కొత్త ప్రొటీన్‌ను అదే మడతలోకి లాగాయి. అన్ని పోగులూ ఒకటి కావు, మడతను బట్టి వాటి బలం ఉంటుంది. ఆమె పోగులన్నీ ఒకే తల్లి బిడ్డలు. నేనేమో ప్రతిసారీ సైమన్ గారు మెచ్చేంత శుభ్రంగా కడిగేశాను. నా ప్రొటీన్ ప్రతిసారీ దిక్కూ మొక్కూ లేకుండా మొదలుపెట్టి, ఏ మడత తోస్తే ఆ మడత పడింది.

ఆమె చేతిలో ఏమీ లేదు! మాగ్నెట్ మీద మురికి ఉంది, అంతే. ఎవరూ లేని ఆ గదిలో మాస్కు వెనక పెద్దగా నవ్వాను.

చెప్పిన రోజు

నవ్వు ఆగాక భయం వేసింది. మా బ్యాచ్ వివరాల్లో, బయటి నుంచి ఏ విత్తనమూ వేయలేదు, పోగులు వాటంతట అవే కట్టాయి అని రాసి ఇస్తున్నాం. వసుధ గారు దాన్ని నమ్మి ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు. ఆవిడ దగ్గర విద్యార్థుల చదువులు వాటి మీద నిలబడి ఉన్నాయి. రేపు ఇంకెవరో ఇది పట్టుకుంటే ఆ పనంతా అనుమానంలో పడుతుంది.

నేను ఊరుకుంటే? ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పడిన రోజు పైడితల్లి పడుతుంది. నేను చేయాల్సిందల్లా చూస్తూ కూర్చోవడమే. ఈ ఆలోచన కంపెనీ బస్సులో నా పక్క సీట్లో కూర్చుని గాజువాక దాటేదాకా నాతో వచ్చింది. రాలేదని మీకు అబద్ధం చెప్పను. కానీ గోడ మీద ఫొటోలో ఉన్నది ఎవరి ప్రొటీన్? అది చెడితే నాది చెడినట్టే. పైగా ఆ విద్యార్థులు నాకేం చేశారు?

పైడితల్లి పెళ్ళి నుంచి తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో నాకోసం లడ్డూలు తెచ్చి కూర్చుంది.

"పైడీ, నువ్వు నీ మాగ్నెట్‌ని డిటర్జెంట్‌లో నానబెట్టవా?" అని అడిగాను.

"మిగతావన్నీ నానబెడతాను. మాగ్నెట్‌ని మాత్రం స్పిరిట్‌తో తుడిసీత్తాను. డిటర్జెంట్ రవ్వంత మిగిలినా పోగులు కట్టవు కదేటి? ఏటైనాది?"

రెండు సీసాల మెరుపునూ యంత్రం గీసిన రెండు గీతల బొమ్మ ఫోన్లో చూపించి, చేసింది చెప్పాను. చాలాసేపు చూసింది. సగం తిన్న లడ్డూ పళ్ళెంలో పెట్టేసింది.

"అయితే ఇన్నాళ్ళూ నా సెయ్యి కాదన్నమాట" అంది.

ఈ మాట ఆమె నోట వినాలని నేనెంత కోరుకున్నానో నాకే తెలుసు. విన్నాను. ఆమె మొహం చూడలేక లడ్డూ వైపు చూశాను.

"ఎవులికైనా సెప్పినావేటి?"

"లేదు. ముందు నీకే."

"నాకెందుకు?"

"మాగ్నెట్ నీది కదా" అన్నాను. అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

లేచి నిలబడింది. "పద వొదినా."

"ఎక్కడికి?"

"సారు దగ్గరికి. బేగి పద. ఇక్కడే కూకుంటే మరి నాకు దైర్యం సాలదు."

డైరెక్టరు గదిలో ఆమే మాట్లాడింది. "తప్పు నాది సార్. కనిపెట్టినాది సలోమి వొదిన" అని ఒకే ఊపిరిలో చెప్పింది. నా పేరు చెప్పలేదని నేను అనలేను. స్పష్టంగా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

చక్రధర్ గారు మొత్తం విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మొహం పాలిపోయింది. తర్వాత ఆమె వైపే చూస్తూ, "ఇంత ధైర్యంగా తనంతట తాను వచ్చి చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా?" అన్నారు. ఆమెను కూర్చోమన్నారు. ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు.

వసుధ గారికి ఫోన్ చేశారు. ఆవిడ మొదట మండిపడ్డారు. తర్వాత ప్రశ్నలు వేశారు. విత్తనం పడిందని ఒప్పుకుని, కావాలని విత్తనం వేసిన బ్యాచ్‌తో ముఖ్యమైన ప్రయోగాలు మళ్ళీ చేసి చూస్తే పని నిలబడుతుందని తేలింది. నెలల తర్వాత చేసి చూశారు, నిలబడింది. ఆ రోజు ఫోన్ పెట్టేముందు ఆవిడ అన్న చివరి మాట, "పైడితల్లి గారూ, మీలాంటివాళ్ళతో పనిచేయడం నా అదృష్టం." తప్పు చేసినందుకు ఇంత గౌరవం దక్కుతుందని తెలిస్తే నేనూ చిన్నప్పటి నుంచి సరిగ్గా కడిగేదాన్ని కాదు.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ఆమె పాత బ్యాచ్‌లలో అన్నిటికంటే మంచిదాన్ని తీసి, కొలిచి, ప్రతి కొత్త బ్యాచ్‌లో రవ్వంత వేయడం మొదలుపెట్టాం. మిగతా సామాను అంతా నేను కడిగినట్టు కడగాలి. లేకపోతే మనం వేసిన విత్తనమేదో, దానంతట అది పడిందేదో తెలియదు. అప్పటి నుంచి ఎవరు చేసినా, ఏ రోజు చేసినా ఒకేలాంటి పోగులు. నావీ, ఆమెవీ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు.

ల్యాబులో అందరూ దాన్ని పైడి విత్తు అనడం మొదలుపెట్టారు. "సలోమి విత్తు అనండి, కనిపెట్టినాది ఆవిడ" అని పైడితల్లి అందరితోనూ గొడవపడింది. వాళ్ళు నవ్వారు. అన్నీ కడిగి పారేసేవాళ్ళ పేరు విత్తనానికి ఎలా పెడతారు మేడమ్ అన్నాడొకడు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికి వెళ్ళాక రాలేదు.

మీకు ఒక మాట చెబుతాను. మీ పక్కవాళ్ళు మీకంటే బాగా చేస్తుంటే, వాళ్ళ చేతిలో ఏముందో అని కుమిలిపోకండి. వాళ్ళ సీసాలో ఏముందో చూడండి. అసూయ లేకపోతే నేను ఒక పెచ్చు లేచిన మాగ్నెట్ కోసం అన్ని రోజులు కేటాయించేదాన్ని కాదు. అంతమాత్రాన అసూయ మంచిదని చెప్పడం లేదు. దానివల్ల నేను కోల్పోయిన మధ్యాహ్న భోజనాలు చాలా ఉన్నాయి. ఆమె అందరితో కలిసి నవ్వుతూ తినేది, నేను బల్ల దగ్గరే తినేదాన్ని.

రిటైరయ్యాక

నేను రిటైరైన రోజు సభలో పైడితల్లి మాట్లాడింది. నా గురించి అంత బాగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది. అందరూ ఏడ్చారు. సభ అయ్యాక అందరూ ఆమె చుట్టూ చేరి ఓదార్చారు. నేను మెడలో దండతో ఒక పక్కన నిలబడి టీ తాగాను.

ఆమెకు ఇంకా కొంత సర్వీసు ఉంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఈమధ్య ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ చేసింది.

"వొదినా, వసుధ మేడమ్ పరిశోధన పేపరు అచ్చయిపోనాది! అంతా మన పోగులతో సేసిందే!"

ఒళ్ళు ఝల్లుమంది. ఎక్కడో ఎవరో ఆ పని చదువుతారు. జబ్బును ఆపేదేదో వెతకడానికి దాని మీద నిలబడతారు. మనం చేసిందేదో ఒకటి నిజంగా ఉంది అనిపించింది. ఆ అనిపించడం ఎంతోసేపు ఉండనివ్వకుండా నా నోరు అడిగేసింది.

"మన పేర్లున్నాయా?"

"కంపెనీ పేరున్నాది. మన సరుకు నంబరున్నాది. మన పేర్లు లేవు."

"నీ పేరు కూడా లేదా?"

"లేదొదినా."

"చివర్లో కృతజ్ఞతలు చెబుతారు కదా, చిన్న అక్షరాల్లో. అక్కడ?"

"అక్కడా సూసినాను. రెండుసార్లు సూసినాను. మేడమ్ ఎంత బాగా మాటాడేవారు నాతోటి! నాకైతే ఏడుపొత్తంది. నీకు బాద లేదేటి?"

"ఎందుకుండదు పైడీ?" అన్నాను. "ఆదివారం ఇంటికి రా. చేపల పులుసు పెడతాను, ఇద్దరం కూర్చుని మేడమ్‌ను తిట్టుకుందాం."

"నవ్వుతన్నావేటి వొదినా?"

"లేదే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఎవరు అని మా ఆయన అడిగారు. పైడితల్లి అని చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా మొహం వైపు చూశారు. ఆ పేరు చెబుతూ నేను నవ్వడం ఇన్నేళ్ళలో తను చూడటం ఇదే మొదటిసారి అన్నారు.